ఏడు దెబ్బల లెక్క

నేను రాసిన అబద్ధం నాలుగు నిమిషాలే బతికిందనుకున్నాను. పదకొండు రోజుల తర్వాత, శనివారం మధ్యాహ్నం, లోకో షెడ్డు క్యాంటీన్‌లో సమోసా తుంచుకుంటూ ఉండగా అది తిరిగి నా ఫోన్‌కే వచ్చింది. పంపినవాడు నా పక్క బల్ల దగ్గర పనిచేసే టెక్నీషియన్. "నీ దోస్తు క్వార్టరే కదా ఇది?" అని కింద ఒక ముక్క రాశాడు.

నా మెసేజినే ఎవరో ఫోటో తీశారు. పైన నా పేరు కత్తిరించేశారు. దాని కింద హిందీలో కొత్తగా ఒక వరస చేరింది: రేపు ఆదివారం పది గంటలకి అందరూ రండి, స్వయంగా చూద్దాం. క్వార్టర్ నంబరు తప్పులేకుండా వేశారు. అది రమణబాబుది. పన్నెండేళ్ళుగా నేను డ్రమ్స్ వాయిస్తుంటే నా పక్కన గిటారు వాయించినవాడిది.

సమోసా ఏం చేశానో నాకు గుర్తులేదు.

మా బ్యాండ్ పేరు ఔటర్ సిగ్నల్. బిలాస్‌పూర్‌లో పుట్టిపెరిగిన వాళ్ళకి ఆ పేరు వివరించక్కర్లేదు, సగం జీవితం అక్కడ ఆగిన బండిలోనే గడుస్తుంది. మేం వాయించేది ప్రోగ్రెసివ్ రాక్. అంటే ఏమిటని అడిగిన చుట్టాలకి, పాట ఎప్పుడు అయిపోతుందో విన్నవాడికి తెలియకూడదు, అదీ దాని ధర్మం అని చెప్పేవాణ్ణి. నలుగురం. డ్రమ్స్ నేను, చంద్రమౌళిని. గూడ్సు బళ్ళ లోకోపైలట్ రమణబాబు గిటారు. వాడి చెల్లెలు ఉషారాణి, స్కూల్లో టీచరు, కీబోర్డు వాయిస్తూ పాడేది. హైదరాబాదు నుంచి బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఉద్యోగి శ్రీవత్స బేస్ గిటారు. ఊళ్ళో తోర్వా పేటలో ఒక టైర్ల కొట్టు పైన గది మాది. పక్కవాళ్ళకి మా మీద జాలి ఉండేది.

మా గొప్పంతా ఒకే పాట, 'యార్డు'. పదిహేడు నిమిషాలు. ఆరేళ్ళు పట్టింది కట్టడానికి. దాని నడుమ భాగం మా అమ్మ దగ్గర్నుంచి ఎత్తుకొచ్చాను. శ్రీకాకుళం నుంచి మా తాత ఖలాసీగా ఇక్కడికి వచ్చినప్పుడు ఆ కాలం వాళ్ళంతా అమ్మవారి పండగ కూడా తెచ్చుకున్నారు. కాలనీలో ఘటం ఎత్తుకుని క్వార్టర్ క్వార్టర్‌కీ తిరిగేటప్పుడు డప్పు మీద ఒక దెబ్బ పడుతుంది. మూడు, నాలుగు, మొత్తం ఏడు. ఒక కాలు తేలిగ్గా, ఒక కాలు బరువుగా పడే నడక. మా అమ్మ అసిరమ్మకి లెక్కలు తెలియవు, దాన్ని కుంటి నడక అంటుంది. అందులో అడుగు తప్పితే నలుగురం నాలుగు దిక్కులకి పోతాం. అందుకని ఆ భాగం రాగానే శ్రీవత్స, ఉష ఇద్దరూ కళ్ళప్పగించి నా చేతులవైపే చూసేవాళ్ళు. రమణబాబు మాత్రం నావైపు వీపు తిప్పి, కళ్ళు మూసుకుని వాయించేవాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి వెనక్కి తిరిగి చూడలేదు. తప్పిందీ లేదు. నాకు ఎవరైనా దండ వేసి సన్మానం చేసినా అంత సంతోషం ఉండేది కాదు.

రెండేళ్ళ కిందట మార్చి నెలలో, రమణబాబు నడుపుతున్న బొగ్గు బండి ముందుకి ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. బ్రేకు వేశాడు. నిండు బండి ఆగడానికి కిలోమీటరు పడుతుంది. ఆ మనిషి కూర్చోలేదు, పడుకోలేదు, ఇంజను అద్దంలోకి చూస్తూ నిలబడ్డాడట. ఆ తర్వాత ఏడు నెలలు రమణబాబుకి నిద్ర లేదు. మాత్రలు వాడాడు. మా అమ్మ విభూతి పెట్టింది. నేను రతన్‌పూర్ అమ్మవారి గుడికి తీసుకెళ్ళాను. చివరికి రిటైరైన గార్డు అమ్మన్నగారు, ఆయన భార్య సౌభాగ్యమ్మ తమ ఇంట్లో ఆదివారం ప్రార్థనకి పిలిచారు. ప్రార్థన సగంలో వీడు చాప మీద ఒరిగిపోయాడు. లేచేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఆరు గంటలు నిద్రపోయాడు. వాళ్ళు పాటలు ఆపేసి, పిల్లిలా అడుగులు వేస్తూ, ఫ్యాను వేసి కూర్చున్నారట.

మిగిలింది మీరు ఊహించుకోగలరు. మరుసటి ఏడాది అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ బాప్తిస్మం తీసుకున్నారు. అర్పా నదిలో మోకాలి లోతు నీళ్ళే ఉంటే కూర్చోబెట్టి ముంచారని శ్రీవత్స నవ్వాడు. నేనూ నవ్వాను. మతం మారడం వాళ్ళ సొంత సంగతి, బ్యాండ్ బ్యాండే అనుకున్నాను. అంతకంటే తెలివితక్కువ మాట నా జీవితంలో అనుకోలేదు.

ముందు సిగరెట్టు పోయింది, దానికి నాకేం బాధ లేదు. తర్వాత ఆదివారం ప్రార్థన వాడి క్వార్టర్‌కే మారింది, మా ఆదివారం ప్రాక్టీసు పోయింది. తర్వాత, "పాటలో మాట వినబడాలిరా మౌళీ" అన్నాడు. మాట వినబడ్డానికి నా తాళాలు తగ్గాయి, వాడి గిటారు గరగర తగ్గింది, తొమ్మిది నిమిషాల ముందు వాయింపు రెండు నిమిషాలైంది. ఈ జనవరికల్లా కొత్త పాటలు నాలుగు నిమిషాల్లో మొదలై, నడిచి, అయిపోతున్నాయి. అన్నీ సాఫీగా నాలుగు దెబ్బల లెక్కే, చప్పట్లు కొట్టుకోవచ్చు. పన్నెండేళ్ళు నేర్చుకున్న విద్యంతా పెట్టెలో పెట్టి తాళం వేసినట్టయింది నాకు. అన్నిటికంటే ఒళ్ళు మండిన సంగతి ఏమిటంటే, వాటిలో ఒక పాట బాగుంది. 'ఆగలేని దూరంలో నన్ను ఆపినవాడా' అని ఉష ఎత్తుకుంటుంటే నేను దెబ్బ వెయ్యడం మరిచి వినేవాణ్ణి. ఉష అంత బాగా ఎప్పుడూ పాడలేదు. అది నేను ఎవరితోనూ అనలేదు.

ఈ మే నెలలో రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో వార్షికోత్సవం. 'యార్డు' వాయిద్దామన్నాను. రమణబాబు గుడ్డ తీసి గిటారు తీగ తుడిచాడు.

"వాయిస్తాను. నడుమ ముక్క తప్పించి" అన్నాడు.

"ఏటి? నడుమ తీసీస్తే ఏటి మిగిలిందిరా దాన్లో?"

"అది అమ్మవారి నడకరా. నేను నడవలేను."

"తాళానికి దేవుడుంటాడేటి? ఏడంటే ఏడే కదా!"

"నీకు ఏడే. మీ యమ్మకి కాదు. ఆవిడ కళ్ళముందు నేను దాన్ని ఉత్తుత్తి దెబ్బ కింద వాయించలేను. అదీ సంగతి."

ఆ మాటలో మా అమ్మ మీద ఉన్న గౌరవం ఇప్పుడు అర్థమవుతోంది. అప్పుడు నాకు వినబడింది ఒక్కటే, ఆరేళ్ళు కట్టిన పాట చచ్చిపోయిందని. స్టిక్కులు విసిరికొట్టి ఇంటికొచ్చాను. ఫోన్లో మా కాలనీ అమ్మవారి పండగ వాట్సాప్ గ్రూపు తెరిచాను, అందులో రెండొందల పైగా మనుషులున్నారు. ఇలా రాశాను: 'మా బ్యాండ్‌ని మింగేశారు. రేపు మీ కుర్రాళ్ళని మింగుతారు. ప్రతి ఆదివారం పది గంటలకి క్వార్టర్ తలుపులు వేసుకుని పిల్లల్ని మారుస్తున్నారు. చూసుకోండి.'

పిల్లల మాట పచ్చి అబద్ధం. ఆ ప్రార్థనకి వచ్చేది ఆరుగురు, అందరిలోకీ చిన్నది ఉష. అది కోపంలో వేలికొసన పుట్టిన మాట. తెలుగులో రాస్తే కుర్రాళ్ళు సగంమంది చదవలేరని హిందీలో రాశాను. నాలుగు నిమిషాలకి చెమటపట్టి తీసేశాను. కానీ హిందీలో ఉన్న మాటకి మా కాలనీ గోడలు అడ్డం కాదు కదా.

శనివారం సాయంత్రం డ్యూటీ దిగి నేరుగా రమణబాబు క్వార్టర్‌కి వెళ్ళాను. దారిలో పోలీసులకి చెబుదామనిపించింది. స్కూటర్ అటు తిప్పాను కూడా. ఎవరు రాశారని వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న గుర్తొచ్చి, మళ్ళీ ఇటు తిప్పాను. అంతటి ధైర్యవంతుణ్ణి నేను.

ఉష గుమ్మంలో మిరపకాయలు ఎత్తుతోంది.

"అన్న బండి మీద లైన్లో ఉన్నాడు మౌళన్నా. తెల్లారగట్ల దిగుతాడు. రా, కూచో."

"ఉషా, రేపు ప్రార్థన పెట్టుకోకండి."

"నీకూ వొచ్చిందా ఆ ఫోటో?" అంది. ఆమె చేతులు ఆగలేదు. "మా స్కూల్లో ఒకావిడ పంపింది. అన్న డ్యూటీకి ఎల్లేముందే చూసేడు. తలుపులు తీసే ఉంచుదాం అన్నాడు. అమ్మన్న తాతగారూ అదే మాట."

"వొచ్చి ఏదైనా చేస్తేనో?"

"భయమే. పొద్దుట్నించీ పని మీద మనసు నేదు నాకు. నేను పాడేది పాటే కదన్నా, ఎవరికేటి చేసేం?" ఆమె బుట్ట పక్కన పెట్టి నావైపు చూసింది. "రాసింది మాత్రం తెలిసినోళ్ళే. బ్యాండ్ సంగతి బయటోళ్ళకేటి తెలుసు? శ్రీవత్సగారు అయ్యుంటారా? ఆయనకి మొదట్నించీ నవ్వులాటగానే ఉండీది."

ఇక్కడ నేను చెప్పాల్సిన మాట ఒక్కటే. అది నా నాలుక మీదే ఉంది. "ఏమో" అన్నాను.

ఇంటికొచ్చాక ఆ 'ఏమో' నన్ను నమిలి తినేసింది. అన్నం ముందు కూర్చుని ముద్ద కలుపుతూనే ఉన్నాను. మా అమ్మ కాసేపు చూసి కంచం లాగేసింది.

"ఏటయిందిరా?"

చెప్పాను. అంతా చెప్పాను. అమ్మ అరవలేదు. అరిస్తే బాగుండేది.

"అచ్ఛా! అమ్మోరి పేరు మీద పెట్టుకున్న గుంపులోనా రాసేవు ఆ అబద్ధం?"

"కోపం వొచ్చిందమ్మా."

"నీ కోపం నువ్వు తినాలి గానీ, ఆ పిల్లకి పెడతావేటి? తెలుగులో ఏడిసినా మన గుమ్మం దాటీది కాదు." కంచం ఎత్తుకుని వంటింట్లోకి వెళ్తూ వెనక్కి తిరిగింది. "రేపు నువ్వు అక్కడుండాల. ఏటి చేస్తావో నాకు తెల్దు. ఉండాల."

పొద్దున్నకి నా బుర్రలో ఒక ఉపాయం తయారైంది. తోర్వా గదికి వెళ్ళి చిన్న డ్రమ్ము, ఒక జత కంచు తాళాలు స్కూటర్ మీద కట్టుకున్నాను. వాళ్ళు వచ్చేసరికి బ్యాండ్ ప్రాక్టీసు జరుగుతూ ఉంటుంది. వార్షికోత్సవం కాగితం మీద మా పేరుంది. చూసి వెళ్ళిపోతారు. నేను ఏమీ ఒప్పుకోనక్కర్లేదు. దారంతా ఈ లెక్కను అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను, ఎక్కడా తప్పు కనబడలేదు.

తొమ్మిదిన్నరకి క్వార్టర్ చేరాను. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. అమ్మన్నగారు, సౌభాగ్యమ్మ, వాళ్ళ పక్కింటి ముసలి జంట, ఉష. రాత్రంతా బండి నడిపి వచ్చిన రమణబాబు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నా చేతిలో డ్రమ్ము చూసి, లేచి వచ్చి నన్ను గట్టిగా పట్టుకున్నాడు.

"వచ్చీసేవా! వస్తావని నేను అననేదా చెల్లీ? ఇలాంటి రోజున వీడు రాకుండా ఉంటాడా?"

నేను వాళ్ళతో నిలబడ్డానికి వచ్చాననుకున్నాడు.

'ఆగలేని దూరంలో' ఎత్తుకున్నారు. నాలుగు దెబ్బల లెక్క, చిన్నపిల్లాడు వాయించగలడు. నా చేతులు వాటంతట అవే ఆడుతున్నాయి, చెవులు రోడ్డు మీదున్నాయి. ప్రతి ఆటో చప్పుడికీ గుమ్మంవైపు చూస్తున్నాను. పదయింది. పదీ ఐదు. రారేమోలే అనుకున్నాను. పది దాటి పది నిమిషాలకి బైకులు వినబడ్డాయి. ఒకటి కాదు. మలుపు దగ్గర గేరు మార్చి, క్వార్టర్ ముందుకొచ్చి ఒక్కటొక్కటిగా ఆగాయి.

ప్రార్థన పాట వాళ్ళ చెవిన పడకూడదని నేను నాలుగు వదిలేసి ఏడులోకి దూకాను. మూడు, నాలుగు. మూడు, నాలుగు. పాట మధ్యలో తెగిపోయింది. ఉష నోరు తెరిచి నన్ను చూసింది. రమణబాబు వేళ్ళు తీగల మీదే ఆగిపోయాయి. వాయించరా, ఒక్కసారి వాయించు అని కళ్ళతోనే బతిమాలాను. వాడు వాయించలేదు. ఆ గదిలో మా అమ్మవారి నడక ఒంటరిగా నడుస్తోంది, నలుగురు ముసలివాళ్ళు ఏమీ అర్థంకాక చేతులు కట్టుకుని కూర్చున్నారు.

గుమ్మంలోకి ఎనిమిదిమంది వచ్చారు. ముందున్న తెల్లచొక్కా మనిషికి నలభై దాటి ఉంటాయి. ఇద్దరు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. మాటలన్నీ హిందీలోనే జరిగాయి.

"ఏం జరుగుతోందిక్కడ?"

"ప్రాక్టీసు" అన్నాను, కాగితం తీసి చూపిస్తూ. "మాది బ్యాండ్. ఇన్‌స్టిట్యూట్‌లో ప్రోగ్రాం ఉంది."

తెల్లచొక్కా కాగితం చదివాడు. మొహం కాస్త వదులైంది. ఎందుకైనా మంచిదని రమణబాబుని అడిగాడు. "ప్రాక్టీసేనా?"

"కాదు" అన్నాడు రమణబాబు. "ప్రార్థన. ఆదివారం పది గంటలకి చేసుకుంటాం. ఆరుగురం. తలుపులు ఎప్పుడూ వెయ్యలేదు. కావాలంటే కూర్చోండి."

వాణ్ణి అక్కడికక్కడ కొట్టాలనిపించింది. వాడికి అబద్ధం చేతకాకపోవడం వల్లే మేమంతా పోతామనిపించింది. వెనకున్నవాళ్ళు లోపలికి తోసుకొచ్చారు. ఒకడి కాలు తగిలి కీబోర్డు స్టాండు ఒరిగింది, ఉష రెండు చేతులతో పట్టుకుంది. సౌభాగ్యమ్మ పెదవులు గబగబా కదులుతున్నాయి.

"పిల్లలేరి?" అన్నాడు తెల్లచొక్కా, ఫోన్‌లో ఫోటో రమణబాబు మొహం మీద పెట్టి. "పిల్లల్ని మారుస్తున్నారని మీ బ్యాండ్‌వాడే రాశాడు. ఎక్కడ దాచారు? రాసినవాడి పేరు చెప్పండి, వాణ్ణే అడుగుతాం."

ఉష అన్నవైపు తిరిగి తెలుగులో అంది. "అన్నా, శ్రీవత్సగారే అయ్యుంటారు. ఫోన్ చెయ్యనా?"

పేర్లకి భాష అడ్డం రాదు. "శ్రీవత్స?" అన్నాడు తెల్లచొక్కా. "ఎవడా శ్రీవత్స? ఎక్కడుంటాడు?"

"నేను" అన్నాను.

స్టిక్కులు రెండూ డ్రమ్ము మీద పెట్టాను.

"ఆ మెసేజి నేనే రాశాను. శ్రీవత్సకి సంబంధం లేదు. పిల్లలెవరూ లేరు, ఎప్పుడూ లేరు. వీళ్ళు నా పాట వాయించనన్నారని కోపం వచ్చి అబద్ధం రాశాను. ఇంకేం లేదు." ఫోన్లు రెండూ నావైపు తిరిగాయి. "పేరు చంద్రమౌళి. లోకో షెడ్డు."

తెల్లచొక్కా నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. వంటిల్లు, వెనక గది తలుపు తీయించి చూశాడు. ముసలివాళ్ళు నలుగురు, మిరపకాయలు, ఉతికి ఆరేసిన డ్యూటీ చొక్కా. "ఒక పాట కోసమా?" అన్నాడు చీదరగా. రైల్వే క్వార్టర్‌లో ఇవన్నీ ఏమిటని ఆఫీసులో ఫిర్యాదు కాగితం పెడతామన్నాడు. పెడతాడు కూడా, ఆ భయం ఇంకా పోలేదు. బైకులు ఒక్కటొక్కటిగా స్టార్టయి వెళ్ళిపోయాయి.

నేను తల ఎత్తలేదు. ఉష నా ఎదురుగా వచ్చి నిలబడింది, ఆమె కాళ్ళు మాత్రమే కనబడుతున్నాయి.

"నిన్న అడిగేను కదన్నా నిన్ను" అంది. "ఏమో అన్నావు."

డ్రమ్ము ఎత్తుకుని లేవబోయాను. రమణబాబు నా భుజం నొక్కి కూర్చోబెట్టాడు. వాడి మొహంలో కోపం కోసం వెతికాను. దొరికితే పట్టుకుని ఏడుద్దామనుకున్నాను.

"పాట సగంలో ఆగింది" అన్నాడు. "మొదట్నించి లెక్క పెట్టు."

"రమణా..."

"లెక్క పెట్టు మౌళీ. నిన్ను క్షమించీసేను. నాకు రాత్రంతా డ్యూటీ అయింది, పాట అయితే పడుకుంటాను."

స్టిక్కులు కొట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఉష కీబోర్డు సర్దుకుని ఎత్తుకుంది. అమ్మన్నగారు చప్పట్లు అందుకున్నారు. రమణబాబు గిటారు కూడా వచ్చింది, ఎప్పటిలా తప్పులేకుండా. ఎప్పటిలా వీపు కనబడుతుందని తలెత్తాను.

వాడు నాకు ఎదురుగా నిలబడి ఉన్నాడు. పాట మొదలైన దగ్గర్నుంచి అయిపోయేదాకా, ఆ నాలుగు నిమిషాలూ, వాడు నా చేతులవైపే చూస్తూ వాయించాడు.